గులాబీలో ఆకుపచ్చ

ఎస్.కోట దాటి బొడ్డవర వచ్చేసరికి కొండలు కళ్ళెదుటికి వచ్చేస్తాయి. ఇక్కడి నుంచి అరకు దాకా ఎక్కుడే ఎక్కుడు. డిసెంబరు నెల, ఉదయం తొమ్మిదిన్నర. పై మలుపుల మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. విశాఖ నుంచి వచ్చిన కార్లు, బస్సులు ఒకదాని వెనక ఒకటి ఘాట్ వైపు పోతున్నాయి. మీరు వచ్చిన కారు మాత్రం రోడ్డు పక్క రేకుల షెడ్డు ముందు బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది.

వెనక సీటులోంచి దిగి ముందుకొస్తారు. ఇంజన్ మీంచి వచ్చే వేడి గాలి ముఖానికి కొడుతుంది. ఆ వేడిలో పెట్రోలు వాసన, రబ్బరు వాసన, వాటి మధ్య కొంచెం తియ్యటి వాసన ఒకటి ఉన్నాయి. ఆ మూడోది కూలెంట్ వాసన. ఎక్కడో ఒక చుక్క బయటికి వస్తోందన్నమాట. ఇంకా ఎవరూ దాని గురించి అడగలేదు.

బండి నడుపుతున్నాయన బ్యాంకు ఉద్యోగి. ఘాట్ ఎక్కే ముందు అన్నీ చూసుకునే మనిషి. ఎస్.కోటలో పెట్రోలు కొట్టించినప్పుడు బానెట్ ఎత్తి చూశాడు. రేడియేటర్ పక్కనున్న తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో గులాబీ రంగు ద్రవం కింది గీత కన్నా ఒక వేలెడు దిగువన ఉంది. బంకులోనే లీటరు కూలెంట్ సీసా కొన్నాడు. అది ఆకుపచ్చ. కంపెనీ కూడా వేరే. మూత తియ్యబోయి ఆగిపోయాడు. ఆ అనుమానంతోనే బండి ఇక్కడ ఆపాడు.

"మేస్త్రిగారూ, డబ్బాలో ఉన్నది గులాబీ, ఇది ఆకుపచ్చ. పోసేయొచ్చా?"

మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. జవాబు చెప్పేలోపు షెడ్డులో పనిచేసే కుర్రాడు గుడ్డపీలిక తెచ్చి రేడియేటర్ మూత మీద వేశాడు. మూత మీద చెయ్యి పడుతుండగానే మేస్త్రి వాడి మణికట్టు పట్టేసుకున్నాడు.

"వోరే, వేడి మీద మూత ముట్టుకోవద్దని ఎన్నిసార్లు సెప్పాలి? పక్కకి రా."

కుర్రాడు వెనక్కి తగ్గాడు. మేస్త్రి మిమ్మల్ని దగ్గరికి పిలిచి మూత చూపిస్తాడు. దాని మీద 1.1 అని అచ్చు ఉంది. లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా చదరపు సెంటీమీటరుకు 1.1 కిలోలు పెరిగేదాకా ఈ మూత లోపలి స్ప్రింగు కదలదు. ఒత్తిడి ఎక్కువైతే ద్రవం మరిగే వేడి కూడా పెరుగుతుంది. మామూలు గాలిలో వందకు మరిగే నీళ్ళు ఈ మూత కింద 120 డిగ్రీలు దాటితే గానీ మరగవు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్‌ను సగానికి సగం కలిపితే ఇంచుమించు 130 దాకా తట్టుకుంటాయి. ఇప్పుడు లోపలున్న ద్రవం వంద చుట్టుపక్కల ఉండొచ్చు. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, ఆ క్షణంలోనే కొంత ద్రవం ఆవిరై మరిగే నీళ్ళతో సహా పైకి ఎగజిమ్ముతుంది. దాని ముందు ఆ గుడ్డపీలిక అడ్డం రాదు.

"అరగంట, ముప్పావుగంట ఆగాలండి. ఈలోగా టీ తాగండి," అన్నాడు మేస్త్రి.

టీ వచ్చింది. మేస్త్రి మళ్ళీ డబ్బా వైపే చూస్తున్నాడు. "ఇంకోటి సూశారా? ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఈ డబ్బాలో లెవెల్ పైకి రావాలి. చల్లారాక రేడియేటర్ వెనక్కి లాక్కుంటది, అప్పుడు దిగాలి. వేడి మీదే ఇంత కిందకి ఉందంటే చల్లారాక ఇంకా దిగిపోద్ది. ఇది ఒక్కరోజు పని కాదు."

కారులో కూర్చున్న బ్యాంకాయన తల్లి కిటికీలోంచి మాట కలిపింది. "ఏమయ్యా, మా ఆయన అంబాసిడర్‌కి బిందెతో నీళ్ళే పోసేవారు. మన దగ్గర నీళ్ళు గడ్డ కడతాయా ఏమన్నానా? ఈ రంగు నీళ్ళెందుకు?"

ఆమె అడిగింది సరైన ప్రశ్నే. చలిదేశాల్లో గ్లైకాల్ వాడకం మొదలైంది నీళ్ళు గడ్డకట్టి ఇంజన్ పగలకుండా ఉండటానికే. సగం గ్లైకాల్ కలిపిన నీళ్ళు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టవు. అరకులో ఎంత చలిపెట్టినా ఆ అవసరం రాదు. కానీ అంబాసిడర్ ఇంజన్ పోత ఇనుము, బ్లాకూ హెడ్డూ రెండూ. దాని రేడియేటర్ రాగి, ఇత్తడి. నీళ్ళు పోస్తే తుప్పు పట్టేది, ఆ తుప్పును ఏళ్ళ తరబడి ఓర్చుకునేది. ఇప్పటి కార్లలో సిలిండర్ హెడ్ అల్యూమినియం, రేడియేటర్ గొట్టాలు గోరు మందం కూడా లేని అల్యూమినియం, మధ్యలో ఉక్కు, టంకం, రబ్బరు, ప్లాస్టిక్. ఇన్ని లోహాలు ఒకే నీళ్ళలో నానుతుంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. దాన్ని ఆపేది గ్లైకాల్ కాదు, గ్లైకాల్‌లో కొద్ది శాతం మాత్రమే కలిపే తుప్పు నిరోధకాలు. పెట్రోలు కాలి పుట్టిన వేడిలో సుమారు మూడోవంతు ఈ ద్రవమే మోసుకుపోవాలి. ఆ పని చేస్తూనే తాను తాకిన ప్రతి లోహాన్నీ కాపాడాలి.

మేస్త్రి ఇదంతా ఒక్క మాటలో తేల్చేశాడు. "మామ్మగారూ, అది ఇనుపబండి. ఇది అల్యూమినియం."

ఆవిడ తలాడించి, ఇంక అడగలేదు.

బ్యాంకాయన చేతిలోని ఆకుపచ్చ సీసా మీరు తీసుకుంటారు. ముందువైపు మెరిసే ఇంజన్ బొమ్మ, కంపెనీ పేరు. కూలెంట్ సంగతి తెలియాలంటే సీసా వెనక్కి తిప్పాలి. చిన్న అక్షరాలు. ఫోను లైటు వేసుకుని చదువుతారు: ఇథిలీన్ గ్లైకాల్, సిలికేటు, రెడీ మిక్స్. కింద ప్రమాణాల నంబర్లు: ఐఎస్ 5759, జేఐఎస్ కె 2234, ఏఎస్‌టీఎం డి 3306. బ్యాంకాయన డ్యాష్‌బోర్డు అరలోంచి కారు పుస్తకం తీశాడు. జపాన్ కారు అది. కూలెంట్ పేజీలో ఒక వాక్యం ఉంది: సిలికేటు, అమైను, నైట్రైటు, బోరేటు లేని, హైబ్రిడ్ ఆర్గానిక్ యాసిడ్ రకం ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ వాడాలి.

జవాబు దొరికింది. సీసాలో సిలికేటు ఉంది. పుస్తకం సిలికేటు వద్దంటోంది. రంగు వల్లనో కంపెనీ పేరు వల్లనో కాదు, ఈ ఒక్క మాట వల్ల ఆకుపచ్చ సీసా ఈ డబ్బాలోకి పోకూడదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా తప్పుదారి పట్టేది ఈ మలుపులోనే. కూలెంట్‌లో రంగు ఉత్త అద్దకం. లీకయితే కనిపించాలని, తాగే నీళ్ళనుకోకూడదని కలుపుతారు. ఆకుపచ్చ అంటే ఫలానా రసాయనం అని అందరూ పాటించే కట్టుబాటు ఏదీ లేదు. చాలాకాలం ఆకుపచ్చ అంటే సిలికేట్లు కలిపిన పాతకాలపు రకం అనుకునేవాళ్ళు. చాలా కొరియా కార్లలో ఆకుపచ్చగా ఉండి కూడా అది ఫాస్ఫేటు రకం. హోండా ఒకప్పుడు ఆకుపచ్చ వాడి తర్వాత నీలానికి మారింది. టయోటాది గులాబీ. రంగు చూసి కలిపితే ఒకే రకం కూలెంట్లను శత్రువులనుకుంటాం, రెండు వేరు రకాలను అన్నదమ్ములనుకుంటాం.

అసలు తేడా రసాయనాల కుటుంబంలో ఉంది. మొదటిది పాత రకం, ఐఏటీ అంటారు. ఇందులోని సిలికేటు అల్యూమినియం మీద చప్పున పల్చటి పొర కట్టేస్తుంది. రక్షణ వెంటనే మొదలవుతుంది గానీ సిలికేటు త్వరగా ఖర్చయిపోతుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. రెండోది ఓఏటీ, సేంద్రియ ఆమ్లాల రకం. ఇది ఉపరితలమంతా పొర కట్టదు, తుప్పు మొదలవబోయే చోటే పనిచేస్తుంది. అందుకే అయిదేళ్ళ దాకా వస్తుంది. మూడోది ఈ రెండింటి కలయిక, హైబ్రిడ్. ఇందులో మళ్ళీ ఖండానికొక తీరు. ఐరోపాలో చాలాచోట్ల నీళ్ళు కఠినమైనవి, సున్నం ఎక్కువ. ఫాస్ఫేటు ఆ సున్నంతో కలిస్తే పొలుసు కడుతుందని అక్కడివాళ్ళు ఫాస్ఫేటు మానేసి సిలికేటు ఉంచుకున్నారు. జపాన్‌వాళ్ళు సిలికేటు వల్ల వాటర్ పంపు సీలు అరుగుతుందని దాన్ని మానేసి ఫాస్ఫేటు ఉంచుకున్నారు. ఇద్దరూ తమ నీళ్ళనూ తమ పంపులనూ చూసుకుని తేల్చుకున్నారు. రెండూ మంచివే. కాకపోతే రెండూ ఒకే డబ్బాలో ఉండటానికి తయారైనవి కావు.

జర్మనీ ఫోక్స్‌వాగన్ కార్ల సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసినదే. మొదట వాడింది జీ11, నీలి ఆకుపచ్చ, సిలికేటుది. 1990లలో సిలికేటు లేని ఎర్రటి జీ12 తెచ్చారు. తెలియక రెండూ కలిపిన బండ్లలో ద్రవం గోధుమరంగు బురదయింది. ఆ తర్వాత రెండింటితోనూ కలిసిపోయేలా ఊదారంగు జీ12 ప్లస్ తేవాల్సి వచ్చింది. ఒకే కంపెనీ రెండు సీసాలకే అంత గొడవ జరిగింది. అంటే సీసా మీద పేరు ఒకటే అయినంత మాత్రాన కలపొచ్చని కాదు. పేరు వేరైతే కలపకూడదనీ కాదు. కుటుంబం ఒకటే అయి, కారు పుస్తకం ఒప్పుకుంటే, వేరే బ్రాండు నిశ్చింతగా పోసుకోవచ్చు.

"మరి ఈ ఐఎస్ నంబరు రెంటి మీదా ఉంటుంది కదా?" అని బ్యాంకాయన అడుగుతాడు. ఉంటుంది. ఆ ప్రమాణం ఆ సీసాలోని ద్రవం తనంతట తాను ఎలా పనిచేయాలో చెబుతుంది. ఇంకో సీసాతో కలిస్తే ఏమవుతుందో అది చెప్పే విషయం కాదు.

ఇంజన్ చల్లారుతోంది. లోహం సర్దుకుంటూ టిక్కు టిక్కుమంటోంది. మేస్త్రి ఒక ఖాళీ మంచినీళ్ళ సీసా తెచ్చాడు. సిరంజితో డబ్బాలోంచి కొంచెం గులాబీ తీసి అందులో వదిలాడు. బ్యాంకాయన అనుమతి అడిగి ఆకుపచ్చ సీసా సీలు తెంచి అంతే ఆకుపచ్చ పోశాడు. మూత పెట్టి ఊపి మీ చేతికిస్తాడు.

వెలుతురులో పెట్టి చూస్తారు. మట్టిరంగు. గడ్డలు లేవు, విరుగు లేదు, అడుగున ఏమీ దిగలేదు. పొంగలేదు కూడా.

"ఏమీ కాలేదే!" అంటాడు బ్యాంకాయన.

"ఇప్పుడేటీ అవదు. అందుకే అందరూ పోసేస్తారు."

తర్వాత మేస్త్రి షెడ్డు మూలకి తీసుకెళ్ళాడు. అక్కడ విప్పి పడేసిన రేడియేటర్ ఉంది. పక్క ప్లాస్టిక్ ట్యాంకు ఊడదీసి ఉంది. లోపల సన్నని గొట్టాల నోళ్ళు వరసగా ఉండాలి. సగం నోళ్ళు కనిపించడం లేదు. గోధుమరంగు జిగురు, తెల్లటి గట్టి పొలుసు కలిసి మూసేశాయి. వేలితో తాకితే జిగురు అంటుకుంటుంది, పొలుసు గోటికి రాలదు. దొరికిన కూలెంటల్లా పోస్తూ, మధ్యమధ్య బోరు నీళ్ళు కలుపుతూ నడిపిన బండిదట.

ఇందులో కలపడం వల్ల వచ్చింది ఎంత, బోరు నీళ్ళ వల్ల వచ్చింది ఎంత అని విడదీసి చెప్పడం కష్టం. కారణాలు మాత్రం తెలిసినవే. సిలికేటు కరిగి ఉండాలంటే ద్రవంలో క్షారం బాగా ఉండాలి. సేంద్రియ ఆమ్లాల రకంలో క్షారం తక్కువ. రెండూ కలిసి, నెలల తరబడి వేడెక్కి చల్లారుతూ ఉంటే సిలికేటు కరిగి ఉండలేక జిగురై బయటపడొచ్చు. ఫాస్ఫేటు బోరు నీళ్ళలోని కాల్షియంతో కలిసి పొలుసవుతుంది. జిగురు, పొలుసు కనిపించని బండ్లు కూడా చాలా ఉంటాయి. వాటిలో జరిగే నష్టం బయటికి కనిపించదు. రెండు రకాల నిరోధకాలూ పలచనై, అయిదేళ్ళు రావాల్సిన కూలెంట్ రెండేళ్ళకే చేతులెత్తేస్తుంది. బండివాడు మాత్రం అయిదేళ్ళ లెక్కలోనే ఉంటాడు. రంగు మట్టిరంగయ్యాక తర్వాత బానెట్ ఎత్తినవాడికి లోపలున్నదేమిటో ఊహించే ఆధారం కూడా మిగలదు.

మేస్త్రి మూత మీద చెయ్యి ఆనించి చూశాడు. పై హోస్ పైపు నొక్కాడు. మెత్తగా ఉంది, ఒత్తిడి లేదు. ఇప్పుడు కుర్రాడిని పిలిచి వాడిచేతనే గుడ్డ వేయించి, మూత మొదటి మెట్టు దాకా తిప్పించి ఆగమన్నాడు. చిన్న ఉస్సుమన్న చప్పుడు. అది ఆగాక పూర్తిగా తీయించాడు. రేడియేటర్ మెడలో ద్రవం రెండు వేళ్ళు కిందకి ఉంది.

"కూలెంట్ తాగేది కాదు, ఆవిరయ్యేది కాదు. మూసిన గిన్నె ఇది. తగ్గిందంటే ఎటో పోయినట్టే. పోసేముందు అది సూద్దాం."

రోడ్డు పక్కన వంద షెడ్లలో కూలెంట్ పోయించుకోవచ్చు. ఈ మాట అనేవాళ్ళు అరుదు. టాప్ అప్ చేయడం రెండు నిమిషాల పని, దానితో లెవెల్ సరిపోతుంది, అసలు కారణం లోపలే ఉండిపోతుంది. బ్రాండు గురించి అడిగే ముందు ప్రతి బండీ అడగాల్సిన ప్రశ్న ఇదే: ఉన్నది ఎటు పోయింది?

మేస్త్రి టార్చి నోట పట్టుకుని వంగాడు. ముందు వాటర్ పంపు కింది చిన్న రంధ్రం చూశాడు, పొడిగా ఉంది. ఆయిల్ గేజి తీసి చూశాడు. ఆయిల్ పాలలా మారలేదు, హెడ్ గ్యాస్కెట్ బాగున్నట్టే. పొగగొట్టంలో తెల్లపొగ ఏమైనా వచ్చిందా అని బ్యాంకాయన్ని అడిగాడు. రాలేదు. ముందు కార్పెట్ తడిగా ఉందా అని మామ్మగారిని అడిగాడు. హీటర్ రేడియేటర్ లోపలే కారితే కాళ్ళ దగ్గర తడి తెలుస్తుంది. అదీ లేదు. ఆఖరికి పై హోస్ పైపు రేడియేటర్‌లోకి దిగే చోట టార్చి ఆపాడు.

"ఇదుగో."

మీరూ వంగి చూస్తారు. క్లిప్పు చుట్టూ, కింది వైపు, గులాబీ రంగు పొడి గట్టిపడి ఉంది. వేడి మీద ఒక్కో చుక్క బయటికొచ్చి అక్కడికక్కడే ఆరిపోయింది. నేల మీద మరక పడలేదు, అందుకే ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తియ్యటి వాసన వచ్చింది ఇక్కడి నుంచే. క్లిప్పు స్ప్రింగు పట్టు వదిలేసింది. మేస్త్రి పైపు చివర వంచి పగుళ్ళున్నాయేమో చూశాడు, లేవు. పాత క్లిప్పు తీసి స్క్రూ క్లిప్పు వేసి బిగించాడు. పైపు తీసినప్పుడు కారిన నాలుగు చుక్కలు కింద పెట్టిన పళ్ళెంలో పడ్డాయి.

"ఇప్పుడు ఏం పోద్దాం?"

"డిస్టిల్డ్ వాటరు. బ్యాటరీకి పోస్తామే, అది."

బ్యాంకాయన ముఖంలో చిన్న ఆశ్చర్యం. చేతిలో కొత్త కూలెంట్ ఉంటే ఉత్త నీళ్ళు పోయడం వెనకడుగులా అనిపిస్తుంది. లెక్క చూడండి. ఈ బండిలో పట్టేది సుమారు అయిదు లీటర్లు, సగం గ్లైకాల్. ఇప్పుడు తక్కువైంది మూడు వందల మిల్లీలీటర్లు. అన్నీ నీళ్ళే పోసినా గ్లైకాల్ 50 నుంచి 47 శాతానికి దిగుతుంది. అరకు వాతావరణానికి, ఈ మూతకు, అది చాలు. డిస్టిల్డ్ వాటరులో సున్నం లేదు, ఉప్పు లేదు, వేరే కుటుంబపు రసాయనం లేదు. అది దేనితోనూ పేచీ పెట్టుకోదు. బోరు నీళ్ళకు ఈ మాట వర్తించదు. ప్రతిసారీ నీళ్ళే పోస్తూ పోయినా మంచిది కాదు, నిరోధకాలు పలచబడతాయి. విశాఖ వెళ్ళాక పుస్తకంలో చెప్పిన సిలికేటు లేని రకం తెచ్చి సరిచేసుకుంటే సరి.

రేడియేటర్ మెడ దాకా ఒకసారి, డబ్బాలో పై గీతకు కొంచెం కింద దాకా ఒకసారి పోశారు. మూత తీసే ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయించాడు మేస్త్రి. హీటర్ పూర్తి వేడిలో పెట్టించాడు. పైపుల్లో గాలి ఇరుక్కుంటే అది ఉన్నచోట ఇంజన్ వేడెక్కిపోతుంది, ఆ గాలి బయటికి రావాలి. మెడలో బుడగలు ఒక్కొక్కటిగా లేచి పగులుతున్నాయి. కాసేపటికి లెవెల్ గభాలున కిందికి జారింది. థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. ఇంకొంచెం పోసి మూత బిగించాడు. రేడియేటర్ ఫ్యాన్ తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగేదాకా కదలనివ్వలేదు. క్లిప్పు చుట్టూ వేలు పెట్టి చూశాడు. పొడిగానే ఉంది.

"మేస్త్రిగారూ, ఘాట్ మీద డముకు దగ్గరో ఎక్కడో లెవెల్ పడిపోయి ఆవిరి కక్కితే అప్పుడు?"

"అప్పుడు ఏదుంటే అదే బాబుగారూ. ఈ ఆకుపచ్చే పోయండి, తాగే నీళ్ళే పోయండి. ఇంజన్ చల్లారాక, కొంచెం కొంచెంగా. హెడ్ బెండ్ అయిపోతే బోల్డంత ఖర్చు, కూలెంట్ పాడైతే కడుక్కోవచ్చు. కానీ దిగొచ్చాక వెంటనే మొత్తం తీయించి, డిస్టిల్డ్ వాటరుతో రెండు మూడుసార్లు కడిగించి, తెల్లగా వచ్చాక కొత్తది పోయించాలి. వారం పదిరోజుల్లో సేయించాలి. నెలల తరబడి ఒగ్గేయకూడదు."

ఆకుపచ్చ సీసా మూత బిగించి, దాని మీద 'అత్యవసరానికి మాత్రమే' అని రాసి డిక్కీలో పెట్టుకున్నాడు బ్యాంకాయన.

మేస్త్రి చివరగా రెండు పనులు చేశాడు. రెండూ ఏ బిల్లులోనూ రావు. తెల్ల టేపు ముక్క మీద తన బాల్‌పెన్నుతో తేదీ, 'గులాబీ, సిలికేటు లేనిది, 300 మి.లీ. డిస్టిల్డ్ నీళ్ళు' అని రాసి, టేపు పై అంచు చల్లగా ఉన్నప్పుడు ద్రవం ఉండాల్సిన చోటికి వచ్చేలా డబ్బాకు అంటించాడు. రేపు ఈ బానెట్ ఎవరు ఎత్తినా, వాళ్ళు ఏ ఊరి మేస్త్రి అయినా, ఊహించాల్సిన పని లేదు. తర్వాత పళ్ళెంలో పడ్డ చుక్కలు, మంచినీళ్ళ సీసాలోని మట్టిరంగు ద్రవం ఒక క్యాన్‌లో పోసి మూత బిగించాడు. నేల మీద పడిన తడి మీద రంపపు పొట్టు చల్లి ఎత్తించి, నీళ్ళతో కడిగించాడు. షెడ్డులో ఒక కుక్క పడుకుని ఉంది. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. కాలేయంలో అది ఆక్సాలిక్ ఆమ్లమై, మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టి ప్రాణం తీస్తుంది. చిన్నపిల్లలకైనా అంతే. కూలెంట్‌ను తాగునీళ్ళ సీసాలో దాచి ఉంచడం ఏ ఇంట్లోనూ జరగకూడదు.

బ్యాంకాయన డబ్బులిచ్చి బండెక్కుతుంటే మేస్త్రి కిటికీ దగ్గరికొచ్చాడు.

"రేపు పొద్దున అరకులో, బండి తీయకముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి డబ్బా సూడండి. టేపు పై అంచుకి నీళ్ళు అంటుతూ ఉండాలి. ఒక వేలెడు దిగిందంటే, నీళ్ళు పోసి ఊరుకోకండి, నాకు ఫోన్ సెయ్యండి. అప్పుడు కారేది ఈ క్లిప్పు దగ్గర కాదు, ఇంకోచోట."